నూటపన్నెండు అడుగుల దూరం

హోలిస్ నైగ్రెన్ శవాన్ని ఎత్తినప్పుడు దాని కింద గడ్డి పొడిగా ఉంది.

అక్కడున్న ఐదుగురిలో ఆ సంగతి గమనించింది డిప్యూటీ షెరిఫ్ ఆర్డిస్ వావ్రా ఒక్కతే. మిగతావాళ్ళంతా ముసలాయన తలకేసే చూస్తున్నారు. ఎడమ చెవి పైన పుర్రె లోపలికి దిగిపోయింది. రక్తం గడ్డకట్టి నల్లబడింది. చుట్టూ నేలంతా ఉప్పు చల్లినట్టు మంచు పట్టింది. ఆయన కోటు మీద, టోపీ మీద, నెరిసిన కనుబొమల మీద కూడా మంచే. శవం పడున్న మేర మాత్రం, అచ్చు మనిషి ఆకారంలో, పచ్చగా పొడిగా మిగిలింది.

ఆర్డిస్ మోకాళ్ళ మీద కూర్చుంది. చేతి తొడుగు తీసి అరచెయ్యి నేలకి ఆనించి చూసింది. నోటుపుస్తకం తీసి రాసుకుంది: సోమవారం, అక్టోబరు 15, 1979. ఉదయం ఎనిమిది గంటల ఐదు నిమిషాలు. కింద మంచు లేదు.

"పొద్దున ఐదుకీ ఆరుకీ మధ్య పోయుంటాడమ్మా," అన్నాడు డాక్టర్ మెర్విన్ ష్లాటర్, సంచీ మూస్తూ. "అంతకు ముందైతే కాదు. రాసుకో."

ఆయనకి డెబ్భై దాటాయి. ఈ కార్వర్ సైడింగ్ ఊళ్ళో సగం మందికి బొడ్డు కోసింది ఆయనే. ఆర్డిస్ ఇద్దరు కొడుకులకీ ఆయనే పురుడు పోశాడు. కౌంటీలో ఎవరి చావు మీదైనా మొదటి మాట ఆయనదే. ఆయన చెప్పింది కూడా ఆర్డిస్ రాసుకుంది.

హోలిస్ పడిపోయింది ఊరి శిలాఫలకం ముందు. నిలువెత్తు నల్లరాయి, కింద నలుచదరపు సిమెంటు దిమ్మె, రాతికి కంచు పలక. రాత అందరికీ నోటికి వచ్చిందే. '1886లో రైలు పట్టాలు ఈ చోటికి చేరాయి. ఇక్కడికి మూడు వందల అడుగుల పడమరన తొలి వలస కుటుంబాలు తవ్వుకున్న బావి ఉండేది. ఆ నీళ్ళ పుణ్యమే ఈ ఊరు.' ముప్ఫై ఏళ్ళు రైలు డిపోలో స్టేషను ఏజెంటుగా చేసిన హోలిస్, బళ్ళు ఆగడం మానేశాక ఆ డిపోనే మ్యూజియంగా మార్చాడు. పూర్వీకుల స్మారక సంఘానికి అధ్యక్షుడు కూడా ఆయనే. ఫలకం పాతబడింది, కొత్తది వేద్దాం, దిమ్మె పగలగొట్టి జరుపుదాం అని నెల రోజులుగా ఊరందరి ప్రాణం తోడేస్తున్నాడు.

ఆర్డిస్ కళ్ళు నేల మీద ఉన్న ఉక్కు టేపు వెంట నడిచాయి. దాని ఒక కొస డిపో ఈశాన్య మూల రాతిలో ఒక మేకుకి తగిలించి ఉంది. అక్కణ్ణుంచి గడ్డి మీదుగా సాగి, దిమ్మె ఎక్కి, సుద్దతో గీసిన ఒక గుర్తు దగ్గర ఆగింది. గుర్తు దగ్గర అంకె: నూటపన్నెండు.

"మేడమ్, మోకాళ్ళు తడుస్తాయి. లేవండి. మనిషి దొరికాడు."

వెనక్కి తిరక్కుండానే గొంతు గుర్తుపట్టింది. లైల్ టీగ్. రాష్ట్ర పోలీసు డిటెక్టివ్. పశువుల దొంగతనం కేసులో వారం నుంచి పక్కనున్న ఆర్లెన్ పట్నంలో మకాం. షెరిఫ్ ఆపరేషను చేయించుకుని మంచంలో ఉండటంతో, ఈ కేసు కూడా తనదేనని పొద్దున్నే పోలీసు రేడియోలో ప్రకటించుకున్నాడు.

"ఏ మనిషి?"

"ఎల్డన్ క్రౌట్. తాపీ మేస్త్రీ. రక్తం అంటిన గడ్డపలుగు మీద వాడి పేరు చెక్కి ఉంది. మొన్న శనివారం పోస్టాఫీసు ముందు వీళ్ళిద్దరూ అరుచుకున్నారు. 'ఆ దిమ్మె మీద చెయ్యి వేస్తే నీ చెయ్యి విరగ్గొడతా' అన్నాడట. పాతికమంది విన్నారు. పొద్దున ఐదుకీ ఆరుకీ మధ్య ఎక్కడున్నావురా అంటే, పడుకున్నానంటాడు. ఒంటరిగాడు. సాక్ష్యం మంచమే."

"ఐదింటికి ఇక్కడ చీకటి, టీగ్ గారూ."

"అయితే?"

"టేపు మీద అంకెలు చదవాలంటే వెలుతురు కావాలి. హోలిస్ దగ్గర టార్చి లేదు. జేబుల్లో లేదు, గడ్డిలో లేదు, కారులో లేదు. ఆయన కొలిచింది పొద్దున కాదు. నిన్న సాయంత్రం, వెలుతురు పోకముందు. ఆరున్నరలోపు." ఆమె లేచి మోకాళ్ళు దులుపుకుంది. "ఐదింటికి పడుంటే మంచు మీద పడేవాడు. ఆయన మీద మంచు పడింది. కింద లేదు."

టీగ్ నవ్వాడు. "డాక్టరుగారు నలభై ఏళ్ళుగా శవాలు చూస్తున్నారు. మీరు నాలుగేళ్ళ కిందటిదాకా జైల్లో ఆడఖైదీలకి దుప్పట్లు పంచారు."

"పదకొండేళ్ళు పంచాను. దుప్పటి కింద ఏముందో చూడకుండా మడతపెట్టకూడదని అక్కడే నేర్చుకున్నాను."

డాక్టర్ ష్లాటర్ కళ్ళజోడు తుడుచుకుంటూ మెత్తగా అన్నాడు: "చలికి శవం లెక్కలు తప్పుతాయమ్మా. ఒక గంట అటూఇటూ కావచ్చు. పన్నెండు గంటలు తేడా రాదు." ఆమె భుజం తట్టి తన కారు వైపు వెళ్ళిపోయాడు.

ముసలితనం, అనుకుంది ఆర్డిస్. ఆ రోజు ఆమె చేసిన మొదటి తప్పు అది.

ఆమె దిమ్మె చుట్టూ తిరిగింది. పడమటి వైపు అది రెండంగుళాలు కుంగి ఉంది. కుంగిన చోట మూడు వేరు వేరు రంగుల సిమెంటు అతుకులు. దిమ్మెకీ నేలకీ మధ్య చూపుడు వేలు పట్టేంత బీట. దాని మీద చెయ్యి పెట్టింది. లోపల్నుంచి వస్తున్న గాలి బయటి గాలికంటే వెచ్చగా ఉంది. గుప్పెడు గులకరాళ్ళు ఏరి ఒక్కొక్కటే వదిలింది. మొదటి రెండూ పైనే చిక్కుకున్నాయి. మూడోది జారింది. చాలాసేపు జారింది.

తొమ్మిదిన్నరకి ఊరి లాకప్‌లో ఎల్డన్ క్రౌట్ ఎదురుగా కూర్చుంది. అరవై ఆరేళ్ళ మనిషి. చేతులు పలకల్లా ఉన్నాయి, పగుళ్ళ నిండా సిమెంటు. ఆర్డిస్ ఇంటి నుంచి తెచ్చిన క్యాబేజీ కూరిన రొట్టె అతని ముందు పెట్టింది. ముట్టుకోలేదు. టీగ్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"నిన్న సాయంత్రం ఎక్కడున్నావు, ఎల్డన్?"

"చర్చి వంటింట్లో, ఊరి విందుకి, ఆర్డిస్ తల్లీ. ఐదున్నర నుంచి పదిదాకా. ఉడికించిన కోళ్ళు ముక్కలు కొయ్యడం నా పని. యాభై రెండు కోళ్ళు. కావాలంటే ఆడవాళ్ళని అడుగు, ఎముకలు కూడా లెక్కపెట్టి చెప్తారు."

"మధ్యలో బయటికి వెళ్ళలేదా?"

"వెళ్ళనిస్తేగా! హోలిస్ అసలు రాలేదు. డాక్టరు కూడా భోజనాలు సగం అయ్యాక వచ్చాడు, ఎక్కడో పురుడు పోసి వస్తున్నానని. ఆయనకి మెడముక్క ఒక్కటే మిగిలింది."

టీగ్ గోడ దగ్గర్నుంచి కదిలాడు. "మేము అడుగుతున్నది పొద్దున సంగతి."

"నేను అడుగుతున్నది సాయంత్రం సంగతి," అంది ఆర్డిస్ అతనివైపు చూడకుండా. "పలుగు అక్కడికెలా వచ్చింది, ఎల్డన్?"

"శనివారం విసిరేసి వచ్చా. దిమ్మె పగలగొట్టరా అన్నాడు. నేను పోసిన దాన్ని నేను పగలగొట్టనన్నా. అంతే. ముసలాడి మీద చెయ్యెత్తుతానా? నాకు మాత్రం వయసు తక్కువా?"

"దాని మీద అంత మమకారం ఏంటి?"

ఎల్డన్ చేతులు చూసుకున్నాడు. "మమకారం కాదు, సిగ్గు. మీ నాన్న కొట్టానికి పునాది పోసింది నేనే. ఇవాళ్టికీ గీత పడలేదు. ఈ కౌంటీలో నేను పోసిన వాటిల్లో వంకర పోయింది అదొక్కటే. మూడుసార్లు అతుకు వేశా. పగలగొడితే లోపల నా పనితనం బయటపడుతుందని..."

"పునాది ఎంత లోతు తవ్వావు?"

"తవ్వలేదు."

"ఎందుకని?"

"తవ్వనివ్వలేదమ్మా. దిమ్మె ముందు డిపో వాకిట్లో పొయ్యాలనుకున్నారు. నేనప్పుడు ఆర్లెన్‌లో బడి కడుతున్నా, వారమంతా అక్కడే. గురువారం తంతి వచ్చింది, చోటు మారింది, నేల చదును చేసి సిద్ధంగా ఉంది, పొద్దున్నే వచ్చెయ్యమని. వచ్చేసరికి పాత బొగ్గు షెడ్డు పీకేసి ఉంది. దాని జాగాలో బూడిదా రాళ్ళూ నింపి ఉన్నాయి. 'పోసెయ్యి' అన్నాడు హోలిస్. పోశా. సాయంత్రానికి అయిపోయింది."

"ఎప్పటి మాట?"

"ఎలా మర్చిపోతా? యాభై ఏడు, ఆగస్టు పదహారు. శుక్రవారం." గోరుతో అరచేతి పగుళ్ళలోని సిమెంటు గీకాడు. "పని ముగించుకుని ఇంటికెళ్తే పొయ్యి చల్లగా ఉంది. మా ఆవిడ నీవా లేదు. గోధుమరంగు సూట్‌కేసు లేదు. చీటీ లేదు. హోలిస్‌ని అడిగితే చెప్పాడు: బుధవారం సాయంత్రం ఆరు నలభై బండికి తూర్పుకెళ్ళింది, టికెట్టు నేనే ఇచ్చాను, ఎక్కడం చూశాను అని." రొట్టెని పక్కకి జరిపాడు. "ఇరవై రెండేళ్ళు. క్రిస్మస్‌కి ఒక కార్డు ముక్కైనా రాయలేదు. అంత చెడ్డగా చూసుకున్నానా అని అడుగుదామంటే మనిషి కనబడలేదు."

ఆర్డిస్ కలం ఆగిపోయింది. వెచ్చటి గాలి ఊదిన ఆ బీట ఆమె కళ్ళముందు కదిలింది. ఎల్డన్ ముఖంలోకి చూసింది. ఆ ముఖానికి ఏమీ తెలియదు.

"రొట్టె తిను, ఎల్డన్. చల్లారిపోతుంది," అని లేచింది.

పదిన్నరకి డిపో తలుపు తాళం తీయించింది. టీగ్ కూడా వెంట వచ్చాడు. ఆమెని ఒంటరిగా వదలడం అతనికి ఇష్టం లేదు. హోలిస్ బల్ల మీద పెద్ద కాగితం పరిచి, నాలుగు మూలలా నాలుగు పట్టాల మేకులు బరువు పెట్టి ఉంది. రైలు వాళ్ళు 1886లో గీసిన స్థలం నక్షా. కొత్త ఫలకం మీద రాత సరిచూసుకోమని రాష్ట్రం నుంచి గత వారమే వచ్చిందని పక్కనున్న కవరు చెబుతోంది. డిపో ఈశాన్య మూల నుంచి ఒక గీత. గీత చివర చిన్న సున్నా. సున్నా పక్కన 'బావి'. గీత మీద నూటపన్నెండు.

"చూశారా?" అంది ఆర్డిస్. "ఫలకం ఏమంటోంది? బావి మూడు వందల అడుగుల అవతల ఉండేదంటోంది. బావి ఉన్నది ఫలకం కిందే. బొగ్గు షెడ్డు దాన్ని కప్పి ఉంచింది. షెడ్డు పీకాక దిమ్మె కప్పింది. అందుకే ఎల్డన్ పని వంకర పోయింది. అది గట్టి నేల కాదు, పూడ్చిన గొయ్యి."

"పాత బావి. ప్రతి పాత ఊరికీ ఒకటి ఉంటుంది. దానికోసం మనిషిని చంపుతారా?"

ఆమె గోడ దగ్గరికి నడిచింది. గోడ వెంట బీరువాలో హోలిస్ ఏజెంటుగా ఉన్నప్పటి బళ్ళ రిజిస్టర్లన్నీ ఏడాది వారీగా వరసగా ఉన్నాయి. ఒక్క 1957 మాత్రం వరసలోంచి సగం బయటికి వచ్చి ఉంది. ఆగస్టు తీసింది. బుధవారం, పద్నాలుగు. సాయంత్రం ఆరు నలభై బండికి ఎదురుగా హోలిస్ గుండ్రటి దస్తూరీ: 'రాలేదు. బీవర్ వాగు వంతెన దగ్గర కట్ట తెగింది. గురువారం ఉదయం 5.50కి చేరింది.' దాని కింద పెన్సిలుతో కొత్తగా గీత.

టీగ్ ఆ వరస రెండుసార్లు చదివాడు. అతని ముఖంలో నవ్వు పోవడం ఆమె చూసింది అదే మొదటిసారి.

"రాని బండి ఎలా ఎక్కింది?" అంది ఆర్డిస్. "బుధవారం నుంచి ఆమె కనబడలేదు. గురువారం పొద్దున తంతి. శుక్రవారం సిమెంటు." తంతి నకళ్ళ కట్ట కూడా తీసి చూపించింది. ఆగస్టు పదిహేను, తొమ్మిది గంటల పదిహేను. 'చోటు మారింది. నేల సిద్ధం. రేపు పొద్దున్నే రా. కమిటీ.' రాత హోలిస్‌దే.

టీగ్ కుర్చీలో కూలబడి టోపీ వెనక్కి తోసుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "అయితే మీ ముసలాయనే ఆమెని చంపాడన్నమాట. బావిలో పడేశాడు. మొగుడి చేతే మీద సిమెంటు పోయించాడు. బండెక్కిందని అబద్ధం చెప్పాడు. ఇన్నేళ్ళకి అది ఎల్డన్‌కి తెలిసింది. మేడమ్, వాణ్ణి బయటికి లాగుదామని వచ్చి మెడకి రెండో తాడు బిగించారు. దిమ్మె గొడవ కోసం చంపాడంటే జూరీ నమ్మకపోవచ్చు. ఇది చెబితే కళ్ళు మూసుకుని నమ్ముతుంది."

ఆ మాట ఆర్డిస్‌కి సూటిగా తగిలింది. అతను మూర్ఖుడు కాడని ఆమెకి తెలుసు. అదే అతనితో వచ్చిన చిక్కు.

"హోలిస్ చంపినవాడైతే దిమ్మె పగలగొట్టమని నెల రోజులు ఎందుకు పోరుపెడతాడు? దాచినవాడు తవ్వమంటాడా?" అంది. "అబద్ధం ఆడాడు, నిజమే. ఎవరో ఆడమన్నారు. పరువు కోసమనో, మొగుడు బాధపడతాడనో ఏదో చెప్పి నమ్మించారు. నక్షా చూశాక ఇరవై రెండేళ్ళ కిందట తనచేత ఏం చేయించారో అర్థమైంది. వెళ్ళి వాళ్ళనే అడిగుంటాడు. అలాంటి మనిషి."

"వాళ్ళెవరు?"

"తెలీదు. ఫలకం పెట్టించిన కమిటీలో ముగ్గురు. హోలిస్, పాత పాస్టరు కాక మూడోవాడెవరో నాకు తెలీదు. పాస్టరు పోయి పదేళ్ళయింది. దిమ్మె ఎత్తిస్తాను. కింద ఏమీ లేకపోతే నా బ్యాడ్జి మీ చేతిలో పెడతాను."

"ఉంటే?"

"ఎల్డన్‌ని వదిలెయ్యండి. ఆరు గంటలకి అతను కోళ్ళు కోస్తున్నాడు. నలభై మంది సాక్షులు."

టీగ్ లేచి టోపీ సరిచేసుకున్నాడు. "నేను మాటిస్తే తప్పను," అన్నాడు. "అందుకే ఎవరికీ తేలిగ్గా ఇవ్వను. సరే."

పదకొండు ఇరవైకి కౌంటీ అటార్నీ ఫోనులో అనుమతి ఇచ్చాడు. ఒకటీ నలభైకి రైలు మరమ్మతుల ముఠా తవ్వే యంత్రంతో వచ్చింది. అప్పటికే కంచె అవతల సగం ఊరు మూగింది. స్కూలు ముసలి టీచరు ఒకావిడ, "పూర్వీకుల రాయి పెకలిస్తారా, ఇంకేం మిగిలింది మనకి?" అని ఏడుస్తోంది. నల్లరాయికి గొలుసు చుట్టారు. దిమ్మె మూలుగుతూ లేచింది. దాని కింద, రాళ్ళు పేర్చిన గుండ్రటి అంచు, అంచు లోపల కుంగిన బూడిద. జనం కంచె మీదికి వంగారు.

డాక్టర్ ష్లాటర్ టోపీ చేత్తో పట్టుకుని ముందు వరసలో నిలబడి ఉన్నాడు. యంత్రం మొదటి పారెడు బూడిద పైకి తీయగానే టోపీ పెట్టుకుని జనాన్ని తప్పించుకుంటూ కారు వైపు నడిచాడు. రెండూ ఇరవై. రోగులు ఎదురుచూస్తుంటారు, అనుకుంది ఆర్డిస్.

మూడూ ఐదుకి యంత్రం నడిపేవాడు చెయ్యెత్తాడు. తొమ్మిది అడుగుల లోతు. పారకి ఏదో తగిలింది.

నిచ్చెన దించారు. "నేను దిగుతాను," అన్నాడు టీగ్. "మీ భుజాలు పట్టవు," అని ఆర్డిస్ కోటు విప్పి అతనికిచ్చి దిగింది. లోపల బొగ్గు వాసన, తడి. చేత్తో తీసే చిన్న పారతో బూడిద పక్కకి నెట్టింది. ముందు ఒక తుప్పు పట్టిన కట్టుబిళ్ళ. దాని వెనక ఉబ్బి చీలిన తోలు. గోధుమరంగు. మూత మీద రెండక్షరాలు ఇంకా చదవడానికి వస్తున్నాయి. ఎన్, కె. నీవా క్రౌట్.

ఆమె ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. ఇరవై రెండేళ్ళు ఎల్డన్ ఆమె ఉత్తరం కోసం పోస్టాఫీసుకి నడుస్తూ ఈ రాయి పక్కనుంచే వెళ్ళాడు. మూడుసార్లు మోకాళ్ళ మీద కూర్చుని అతుకులు వేశాడు.

సూట్‌కేసు కింద నల్లటి గుడ్డ తగిలింది. మామూలు గుడ్డ కాదు, మందంగా, గట్టిగా ఉంది. అంచుల్లో ఇత్తడి కన్నాలు. చిరిగిన చోట లోపల సన్నటి చెయ్యి ఎముక, దానికి ఉంగరం. ఆర్డిస్ గుడ్డ అంచు వేలితో తుడిచింది. కుట్టిన పేరుపట్టీ బయటపడింది, చాకలికి వేసేటప్పుడు కలిసిపోకుండా ఆస్పత్రుల్లో కుడతారే, అలాంటిది. పురుడు బల్ల మీద పరిచే రబ్బరు గుడ్డ అది. తన కొడుకులు పుట్టినప్పుడు తన వీపు కింద అలాంటిదే చల్లగా తగలడం ఆమెకి గుర్తుంది.

పట్టీ మీద ఎర్ర దారంతో: ష్లాటర్ క్లినిక్.

పైకి ఎలా ఎక్కిందో ఆమెకి తెలీదు. టీగ్ చెయ్యి అందించాడు.

"ఆమేనా?"

"ఆమే. ఆ గుడ్డ డాక్టరుది. అతని బల్ల మీదే పోయింది, ఏం చెయ్యబోతే పోయిందో అతనికే తెలుసు. కమిటీలో మూడోవాడు అతనే. చావు టైము తప్పు చెప్పింది ముసలితనం వల్ల కాదు. నిన్న ఆరింటికి ఎల్డన్‌కి నలభై మంది సాక్షులున్నారు, పొద్దున ఐదింటికి ఎవరూ లేరు. అందుకే ఐదన్నాడు." అతని చేతిలోంచి కోటు లాక్కుంది. "అతన్ని పట్టుకోవాలి. ఎల్డన్ దగ్గర కాపలా పెంచండి. చోటు మార్పించిందెవరో హోలిస్ ఎప్పుడైనా నోరు జారి ఉంటే, విన్నది ఎల్డన్ ఒక్కడే. విన్నాడని డాక్టరు అనుకున్నా చాలు."

టీగ్ లాకప్ ఉన్న వైపు తిరిగాడు. అతని ముఖంలోంచి రక్తం దిగిపోయింది.

"ఏమైంది?"

"రెండూ ముప్ఫై ఐదుకి లాకప్ నుంచి నా కారు రేడియోకి కబురొచ్చింది. ఎల్డన్‌కి గుండెలో నొప్పి, డాక్టరుగారు పక్కనే ఉన్నారు, ఆర్లెన్ ఆస్పత్రికి తీసుకెళ్తామంటున్నారు, పంపమంటారా అని. మీరు పొద్దుట్నుంచీ వదలమంటూనే ఉన్నారు కదా. పంపమన్నాను." టోపీ తీసేశాడు. "ఒక కాపలావాణ్ణి వెంట పంపమన్నాను. కారులో పడుకోబెట్టాలి, చోటు లేదన్నాడట డాక్టరు."

ఆర్డిస్ అప్పటికే డిపో వైపు పరుగెత్తుతోంది. హోలిస్ బల్ల మీది ఫోను అందుకుంది. ముందు లాకప్.

"నొప్పి ఎప్పుడు మొదలైంది, గ్రోవర్? డాక్టరు రాకముందా, వచ్చాకా?"

అవతల గార్డు గ్రోవర్ నసిగాడు. "వచ్చాకే. అంతవరకు బాగానే ఉన్నాడు, రొట్టె కూడా తిన్నాడు. చూడ్డానికి నీరసంగా ఉన్నావయ్యా, బలానికి సూది వేస్తానన్నారు డాక్టరుగారు. వేసిన ఐదు నిమిషాలకి..."

ఆమె పెట్టేసి ఆర్లెన్ ఆస్పత్రికి తిప్పింది. పద్దెనిమిది మైళ్ళు. తిన్నటి రోడ్డు, పాతిక నిమిషాలు. టీగ్ గుమ్మంలో కారు తాళాలు పట్టుకుని నిలబడ్డాడు.

"ష్లాటర్ గారా?" అంది అవతల నర్సు. "ఇంకా రాలేదండీ. బయల్దేరే ముందు ఫోను చేశారు. గుండె జబ్బు మనిషిని తెస్తున్నారట."

"ఏమన్నారు? ఆయన అన్న మాటలే చెప్పు."

"దారిలో ఇంకొకరిని చూసుకుని నాలుగింటికి చేరతానన్నారు. డ్యూటీ డాక్టరుని పిలవనా, మంచం సిద్ధం చెయ్యనా అని అడిగానండీ." నర్సు గొంతు ఒక్కసారి తగ్గింది. "అక్కర్లేదమ్మా, శవాల గది తాళం తీసి ఉంచు చాలు అన్నారు."

గోడ గడియారంలో టైము మూడూ ముప్ఫై ఒకటి.